గూగుల్ ఎర్త్ ప్రో: ఆ గడియారం బొమ్మ కోసమే వాడుతున్నాను

గూగుల్ ఎర్త్ ప్రోలో ఇల్లు వెతుక్కోవడం, దూరాలు కొలవడం, కొండల్ని పక్కకి వంచి చూడడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను విశాఖలో ఎమ్మెస్సీ పిల్లలకి తీర భూగర్భశాస్త్రం చెప్తాను. ఇన్నేళ్లుగా ఇది మా ల్యాబ్ కంప్యూటర్లలో ఉండడానికి కారణం ఒక్కటే, పైన టూల్‌బార్‌లో ఉండే చిన్న గడియారం బొమ్మ. అది నొక్కితే ఒక స్లైడర్ వస్తుంది. దాన్ని వెనక్కి లాగితే అదే చోటు పాత ఉపగ్రహ చిత్రాలు తేదీలవారీగా కనిపిస్తాయి. 2009 నుంచి ఉన్న సదుపాయమే. ప్రో వెర్షన్‌కి ఒకప్పుడు ఏడాదికి 399 డాలర్లు కట్టాలి, 2015 జనవరి నుంచి ఉచితం. నా పాఠానికి ఇంటర్నెట్ వల్ల కలిగిన మేలుల్లో దీన్నే ముందు చెప్తాను.

ఎందుకంటే తీరం వెంట ఇసుక ప్రయాణం అనే పాఠానికి పుస్తకంలో ఎక్కడో విదేశీ బీచ్ బొమ్మ ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. మన ఒడ్డు మీద జరిగేదీ అదే. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరం వైపు నెడతాయి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మధ్యలో డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కన ఓడరేవు. 1933లో రేవు మొదలైనప్పుడే ముఖద్వారం దగ్గర అడ్డుకట్ట కోసం రెండు పాత ఓడల్ని ముంచారు. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు వచ్చాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతుంది, ఆర్కే బీచ్‌కి అందాల్సింది అందదు. అందుకే డ్రెడ్జర్‌తో తోడి ఇవతలి ఒడ్డున పోస్తుంటారు. ఇదంతా బోర్డు మీద బాణం గుర్తులతో చెప్పినప్పుడు తలలూపేవాళ్లు. స్లైడర్ లాగుతూ కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వరకు ఒడ్డు గీత సన్నబడడం, మళ్లీ వెడల్పవడం చూపిస్తే ప్రశ్నలు వాళ్లే అడుగుతున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, దానికి ముందు, తర్వాత కైలాసగిరి బొమ్మలు పక్కపక్కన పెడితే క్లాసులో ఎవరూ మాట్లాడరు. కొండ మీద పచ్చదనం ఒక్కసారిగా పోయి ఉంటుంది.

నేను అనుకోనిది మాత్రం ఒక ల్యాబ్ రోజున జరిగింది. ఆ రోజు పని, రెండు తేదీల బొమ్మల మీద నీటి అంచు వెంట గీతలు గీసి, ఒడ్డు ఎంత జరిగిందో రూలర్‌తో కొలవడం. ఒక జట్టు లెక్కలో ఒడ్డు చాలా లోపలికి కోసుకుపోయినట్టు వచ్చింది. మత్స్యకారులుండే పెదజాలరిపేట నుంచి వచ్చే అబ్బాయి ఆ తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఇది కోత కాదండీ. పాత బొమ్మ పాటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తీసింది. తడి ఇసుక ఎంత వెడల్పుందో చూడండి. కొత్త బొమ్మలో నీళ్లు పోటు మీదున్నాయి."

అంతటితో ఆగలేదు. కింద మూల తేదీని అరచేత్తో మూసి, "నెల చెప్తాను చూడండి" అన్నాడు. బొమ్మను ఫిషింగ్ హార్బర్ మీదికి జరిపాడు. బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని సందు లేకుండా నిండి ఉన్నాయి. "వేట నిషేధం టైమ్ మేడమ్, మేలో గానీ జూన్ మొదట్లో గానీ తీసుంటారు." చెయ్యి తీశాడు. మే నెలే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు, అన్నీ రేవులోనే ఉంటాయి. తర్వాత అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగే చోటు చూపించి, ఏ నెలల్లో అక్కడ ఇసుక ఉంటుందో, ఎప్పుడు వల లాగడానికి జాగా చాలదో మిగతా వాళ్లకి వివరించాడు. అప్పటిదాకా క్లాసులో పెద్దగా నోరు విప్పని పిల్లాడు. ఆ గంట పాఠం చెప్పింది అతనే, నేను పక్కన కుర్చీ వేసుకుని విన్నాను. ఇంత సంతోషం నాకు ఈ ఉద్యోగంలో అరుదుగా దొరికింది.

అప్పటి నుంచి ల్యాబ్ పద్ధతి మారింది. పౌర్ణమి, అమావాస్యలకి ఇక్కడ పోటుకూ పాటుకూ మధ్య దాదాపు మీటరున్నర తేడా ఉంటుంది. పదిహేను మీటర్లకి ఒక మీటరు చొప్పున దిగే ఒడ్డు మీద, నీళ్లు ఒక మీటరు లేస్తే అంచు పదిహేను మీటర్లు లోపలికి వచ్చేస్తుంది. రవ్వంత ఇసుక కూడా పోనక్కర్లేదు. బొమ్మ మీద తేదీ ఉంటుంది గానీ గంట ఉండదు. అయితే ఇలాంటి చిత్రాలు తీసే ఉపగ్రహాలు చాలావరకు ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. భవనాల నీడలు పడమటి వైపు పడి ఉన్నాయో లేదో చూసి, ఆ తేదీకి సర్వే ఆఫ్ ఇండియా ఆటుపోట్ల పట్టిక తీసి, నీళ్లు ఎక్కడుండాలో పిల్లలే లెక్క వేస్తున్నారు. వేర్వేరు ఏళ్లవైనా అదే నెలలో తీసిన బొమ్మల్నే పోల్చాలని నియమం పెట్టాం. నీటి అంచు బదులు పొడి ఇసుకకీ తడి ఇసుకకీ మధ్య గీత పట్టుకుంటున్నాం.

ఆ గీత దగ్గర కూడా ఒక చిక్కుంది. మన ఒడ్డున ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఎక్కువ. అలలు తేలికైన తెల్ల ఇసుకను లాక్కుపోయాక ఈ నల్ల ఇసుక పట్టీలుగా మిగులుతుంది. పైనుంచి చూస్తే అది అచ్చం తడి ఇసుకలాగే కనిపిస్తుంది. అది తేల్చుకోవాలంటే ఒడ్డుకి వెళ్లి చేతిలోకి తీసుకుని అయస్కాంతం పెట్టి చూడాల్సిందే. మొదట్లో తోటి అధ్యాపకులకి ఎండాకాలం ఫీల్డ్ పని దీంతో తగ్గించుకోవచ్చని చెప్పేదాన్ని. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో దీంతో నిర్ణయించుకోవచ్చు అని చెప్తున్నాను. టేపు, కర్రలు పట్టుకుని వెళ్లడం ఆపలేదు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి వాల్తేరు ఒడ్డున ఇసుక పెరిగే, తరిగే తీరును కొలిచినప్పుడు ఉపగ్రహాలే లేవు. ఒడ్డున నిలబడి చేసిన ఆ పని ఇప్పటికీ మా పాఠంలో ఉంది.

ఇంకో విషయం. క్లాసంతా ఒకేసారి స్లైడర్ లాగితే మా ల్యాబ్ నెట్ తట్టుకోదు, బొమ్మలు మసకగా ఆగిపోతాయి. ముందురోజే కావలసిన తేదీలు తెరిచి, బొమ్మలుగా సేవ్ చేసి అన్ని కంప్యూటర్లలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇది అందరికీ ఇంతగా పనికొస్తుందని చెప్పలేను. నాది తీరం సబ్జెక్టు, మా డిపార్ట్‌మెంట్ నుంచి దిగితే సముద్రం, క్లాసులో మత్స్యకారుల పిల్లలున్నారు. 2000ల మొదటి నుంచి విశాఖకి స్పష్టమైన బొమ్మలు చాలానే ఉన్నాయి. మీ ఊరికి ఎన్ని ఉన్నాయో స్లైడర్ మీద గీతలు చూసుకుని అప్పుడు సిలబస్‌లో పెట్టుకోండి. 2024లో ఈ సదుపాయం ఫోన్లకీ బ్రౌజర్‌కీ వచ్చింది, పిల్లలు తెన్నేటి పార్కు దగ్గర 2020లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడను బస్సులో కూర్చునే వెతుక్కుంటున్నారు. నాకు మాత్రం గీతలు గీసి ఫైలుగా ఒకరికొకరు పంపుకోవడం ముఖ్యం కాబట్టి ల్యాబ్‌లో ఇంకా డెస్క్‌టాప్ వెర్షనే వాడిస్తున్నాను.