మిస్సోరీ యూనివర్సిటీ వారి బరువుల క్లాసు: రెండేళ్ల తర్వాత నా మాట

అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. మిస్సోరీ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ విభాగం వాళ్లు పెద్దవాళ్ల కోసం 'స్టే స్ట్రాంగ్, స్టే హెల్దీ' అని ఒక క్లాసు నడుపుతారు. మేం ఉండేది సెయింట్ లూయిస్ శివార్లలో. మా కోడలు ఎక్కడో కాగితం చూసి మమ్మల్ని అడక్కుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. నాకు షుగరు, మోకాళ్ల నొప్పులు. మావారికి బీపీ. మొదలుపెట్టి రెండేళ్లు దాటింది.

యూనివర్సిటీకి ముసలివాళ్ల వ్యాయామంతో ఏం పని అని మావారి సందేహం. గుంటూరు లాం ఫారం శాస్త్రవేత్తలు ఊళ్లలోకి వచ్చి మిర్చికి ఏ తెగులు వచ్చిందో చూసి చెప్పినట్టే ఇదీ. 1914లో వచ్చిన చట్టంతో ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు తమ చదువుని రైతుల ఇళ్ల దాకా తీసుకెళ్లే పని పెట్టుకున్నాయి. అప్పట్లో విత్తనాలు, పాడి. ఇప్పుడు తిండి, ఆరోగ్యం కూడా అందులో చేరాయి. ఫీజు ఉంది కానీ, జిమ్ముల రేట్ల ముందు అదో లెక్క కాదు.

వారానికి రెండు రోజులు, గంట చొప్పున, 8 వారాలు. మొదటి రోజు బరువులు ముట్టనివ్వరు, పరీక్షలు పెడతారు. ఒక కాలి మీద ఎంతసేపు నిలబడతారు, కుర్చీలోంచి లేచి 8 అడుగుల దూరం నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుంది, ఇలాంటివి. అన్నిట్లో నాకు కళ్లు తెరిపించింది కుర్చీ పరీక్ష. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలమో లెక్కపెడతారు. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు 11 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టేనని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నాకు 11 రాలేదు. రోజూ పొద్దున్నే మా కాలనీ చుట్టూ నడిచే మనిషిని నేను!

మన పెద్దవాళ్లందరికీ చెప్పాలనుకున్నది ఇదే. వాకింగ్ గుండెకి మంచిది, షుగరుకి మంచిది, కాదనను. కానీ కింద నుంచి లేవడానికి కావలసిన బలం తొడల్లో ఉండాలి. అది నడకతో అంతగా రాదు, కండరాలకి బరువు పెడితేనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని చెప్పింది. మన డాక్టర్లు మొదటి సగం చెప్పి వదిలేస్తారు.

క్లాసులో ఎనిమిది వ్యాయామాలు. కాళ్లు ఎడంగా పెట్టి సగం గుంజీలు తీయడం, మునివేళ్ల మీద లేవడం, కుర్చీ పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం, మడమ వెనక్కి మడవడం, కూర్చుని మోకాలు చాపడం. చేతులకి డంబెల్స్‌తో మూడు రకాలు. చీలమండకి కట్టే బరువు సంచులు వాళ్లే ఇస్తారు. పౌండ్, రెండు పౌండ్లతో మొదలు. పది సార్లు చేశాక ఇంకా సులువుగా చేయగలననిపిస్తే బరువు పెంచమంటారు. మెల్లగా ఎత్తాలి, దించడం ఇంకా మెల్లగా. దించేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. వందేళ్లకి దగ్గరపడిన వాళ్లకి ఇదంతా దేనికి అనుకునేవాళ్లకి ఒక సంగతి. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసున్న పదిమంది వృద్ధులతో 8 వారాలు బరువులు ఎత్తించి చూస్తే, చివరిదాకా చేసిన తొమ్మిది మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ పని చేసిన టఫ్ట్స్ యూనివర్సిటీలో పుట్టిన కార్యక్రమం నుంచే ఈ క్లాసూ వచ్చింది.

నాకు ఏం మారిందంటే, ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా కారు డిక్కీలోంచి నేనే దించుతున్నాను. బేస్‌మెంట్ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతున్నాను. కోర్సు చివర్లో కుర్చీ పరీక్ష గట్టెక్కాను. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా. మెట్ల దగ్గర టెన్షన్ మాత్రం పోయింది. మావారు మొదట్లో 'ఈ వయసులో పహిల్వాన్ వేషాలా' అన్నారు. ఇప్పుడు నాకంటే పెద్ద బరువు పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటారు, ఎవరైనా గమనించారా అని.

లోటుపాట్లు లేకపోలేదు. మేం వెళ్లిన బ్యాచ్‌లో అన్నీ నిలబడో కుర్చీలో కూర్చునో చేసేవే. పీట మీద కూర్చుని వ్రతం చేసుకుని లేచే మనవాళ్లకి నేల మీంచి లేవడం ముఖ్యం, అది నేను విడిగా సాధన చేసుకున్నాను. రెండోది కారు. డ్రైవింగ్ రాని మాలాంటి వాళ్లకి పిల్లల ఆఫీసు టైములే దిక్కు, పగటి క్లాసంటే ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. ఇక ఇంగ్లీషుకి భయపడక్కర్లేదు. నేర్పే అమ్మాయి చేసి చూపిస్తుంది, చూసి చేయడమే. చీర మాత్రం వద్దు, చుడీదారూ బూట్లూ వేసుకోండి.

అసలు చిక్కు 8 వారాల తర్వాత. క్లాసు అయిపోగానే మానేస్తే వచ్చిన బలం కొన్ని నెలల్లోనే పోతుంది. మా బ్యాచ్‌లోని అమెరికన్ బామ్మలు చాలామంది మళ్లీ మళ్లీ చేరతారు, తర్వాతి స్థాయి క్లాసు కూడా ఉంది. మేం రెండు జతల డంబెల్స్ కొని మంగళ, శుక్రవారాల్లో టీవీ ముందు చేస్తున్నాం. శీతాకాలంలో మంచు పడి బయట కాలు పెట్టలేని రోజుల్లో ఇదే ఆధారం.

విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చేవాళ్లకి కూడా 8 వారాల కోర్సు చక్కగా సరిపోతుంది. వచ్చిన మొదటి నెలలోనే మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేయించండి. కాన్సాస్‌లో ఉన్నవాళ్లకి ఇదే క్లాసు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ద్వారా దొరుకుతుంది. గుండె ఆపరేషన్లూ మోకాలి ఆపరేషన్లూ అయినవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి చేరండి.