విజయవాడలో ఆత్మహత్యల నివారణ కేంద్రంలో వాలంటీరుగా చేరాలనుకునేవారికి: పదిహేను నెలల అనుభవంతో ఒక సమీక్ష

ఏలూరు రోడ్డు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక పాత మేడ మీద రెండు గదుల్లో నడిచే కేంద్రం గురించి ఇది రాస్తున్నాను. ఫోను ఎత్తేవారెవరో బయట తెలియకూడదన్నది అక్కడి నియమం కాబట్టి కేంద్రం పేరూ నా పేరూ రాయడం లేదు. ఫోను చేసినవారు చెప్పుకున్న మాటల్లో ఒక్క ముక్క కూడా ఇక్కడ కనిపించదు. నేను రాయగలిగేది అక్కడి శిక్షణ గురించి, నచ్చిన పద్ధతుల గురించి, మారవలసిన వాటి గురించి మాత్రమే.

మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను తీసుకోలేదు. మా పిన్ని కొడుకు తన ప్రాణం తానే తీసుకుని అప్పటికి ఐదు నెలలే అయింది, ఆ సంగతి ముఖాముఖిలో దాచకుండా చెప్పాను. సమన్వయకర్త అంతా విని, "మీరు ఇంకా ఆ దుఃఖంలోనే ఉన్నారండీ. ఒక ఏడాది ఆగి రండి. ఈలోగా మాట్లాడాలనిపిస్తే మీకోసమే ఫోను చేయండి" అన్నారు. ఆ రోజు చాలా నొచ్చుకున్నాను. ఏడాది తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాకే, అవతలి గొంతులో మా తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఉండి ఉంటే మాట్లాడుతున్న మనిషి నాకు వినిపించేవారే కాదని అర్థమైంది. అడిగిన ప్రతివారినీ వెంటనే చేర్చుకునే చోటుకు వెళ్లవద్దనే చెబుతాను.

శిక్షణ ఎనిమిది ఆదివారాలు సాగుతుంది. రుసుము లేదు, దారిఖర్చులూ ఇవ్వరు. డాక్టర్లు కాని మనలాంటివారు ఈ పని చేయవచ్చా అన్న సందేహానికి మొదటి రోజే సమాధానం దొరుకుతుంది. 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి మతాచార్యుడు ఆత్మహత్యల నివారణ కోసం సమారిటన్స్ సంస్థను ప్రారంభించినప్పుడు, తనను కలవడానికి వచ్చి వేచి ఉన్నవారికి టీ ఇచ్చి పక్కన కూర్చున్న మామూలు మనుషుల వల్లే చాలామంది తేలికపడుతున్నారని గమనించి, ఆ పనిని వారికే అప్పగించారు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ సంస్థ కూడా వాలంటీర్ల మీదే నడుస్తోంది.

అసలు శిక్షణ మాత్రం ఉత్తుత్తి ఫోను సంభాషణల్లోనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు శిక్షకురాలు మిర్చి వేసి నష్టపోయిన కౌలురైతుగా మాట్లాడారు. నేను బ్యాంకు రుణం సంగతి చెప్పాను, పిల్లల ముఖం చూసుకోమన్నాను, అన్నీ సర్దుకుంటాయన్నాను. ఆవిడ ఫోను పెట్టేసి, "రెండు నిమిషాల్లో మూడు సలహాలు ఇచ్చారు. ఆయనను ఏమని పిలవాలో కూడా అడగలేదు" అన్నారు. ఎవరైనా కష్టం చెప్పుకోగానే "ఏం కాదులే" అని ఓదార్చడమే ప్రేమ అని నమ్మే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ మాట విన్న మనిషి మిగిలిన సగం కష్టాన్ని మింగేస్తాడని తెలుసుకోవడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

అంతకన్నా కష్టమైనది "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం. సంధ్యవేళ అశుభం పలికితే తథాస్తు దేవతలు విని అలాగే కానిమ్మంటారని చిన్నప్పటి నుంచి విన్న నాలుక ఆ ప్రశ్న దగ్గర నిజంగానే మొరాయిస్తుంది. మా బృందంలో ఒక పెద్దాయన "అలాంటిదేమైనా..." అని ఆగిపోయేవారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు తేల్చాయి, పైగా ఆ మాటను ఎవరి ముందూ పలకలేక లోలోపల కుమిలిపోతున్న మనిషికి ఆ ప్రశ్నే తలుపు తీస్తుంది. ఒక ఆదివారం మొత్తం ఒకరినొకరం అదే ప్రశ్న అడుగుతూ గడిపాం. ఈ కేంద్రం నాకిచ్చిన అన్నింటిలో దానినే మొదట చెబుతాను.

అవతలివారు పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థి అయినా "మీరు" అనే పిలవాలన్నది మరో నియమం. "బాబూ", "అమ్మా" అని మనం ఆప్యాయంగానే అంటాం, కానీ ఆ పిలుపుతోనే పెద్దరికం వచ్చి కూర్చుంటుంది, వెనకే నీతిబోధ వస్తుంది. ఇంట్లోనూ హాస్టల్లోనూ మార్కుల లెక్క తప్ప మరొకటి అడగని చోట, "మీరు చెప్పండి, వింటున్నాను" అనే గొంతు ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

చట్టం గురించి కూడా స్పష్టంగా చెబుతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్న మన ప్రాంతంలో ఇది ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయం.

ఇక లోపాలు. శిక్షణ పుస్తకం ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దించిన తెలుగులో ఉంది, అందులోని వాక్యాలు ఏ మనిషీ ఫోనులో పలకలేడు. దానిని వాలంటీర్లతోనే తిరగరాయించాలి. రెండో లోపం ఇంకా పెద్దది. షిఫ్టు ముగిశాక అనుభవజ్ఞులు మనతో ఒక అరగంట కూర్చుని మనసు తేలికపరచాలని నియమం ఉన్నా, మనుషులు చాలక నా మొదటి నెలలో అది మూడు వారాలు జరగనేలేదు. ఒక రాత్రి బెంజిసర్కిల్ దగ్గర బస్సు దిగి, ఇంటికి వెళ్లలేక చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఫిర్యాదు చేశాక మార్చారు, ఇప్పుడు ఒక్కరినే షిఫ్టులో కూర్చోబెట్టడం లేదు. కొత్తగా చేరేవారు ఈ విషయం ముందే అడిగి తేల్చుకోవాలి.

రాత్రి తొమ్మిది తర్వాత లైన్లు మూసేయడం నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది, ఎందుకంటే మనసు ఎక్కువగా బరువెక్కేది ఆ తర్వాతే. ప్రస్తుతం కేంద్రం తలుపు మీద 14416 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనూ పలుకుతుంది. ఇది చదువుతున్నవారిలో ఎవరి మనసైనా ఈ క్షణాన బరువుగా ఉంటే, మిగతాది పక్కనపెట్టి ముందు ఆ నంబరుకు చేయండి.

వారానికి నాలుగు గంటలు, కనీసం ఒక ఏడాది ఇవ్వగలిగినవారే దరఖాస్తు చేయండి, మధ్యలో మానేస్తే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో మాత్రం రాత్రంతా లైన్లు తెరిచి ఉంచాలని ఈసారి నిర్ణయించారు. దానికి ఇంకా ఆరుగురు కావాలి. మొదటి రెండు రాత్రులకు నా పేరు ఇచ్చాను.