బెజవాడ నుంచి ట్రాక్ డేకి ఏది మేలు: సొంతంగా కట్టిన కిట్ కారా, పాత మారుతి జెన్నా?

బెజవాడలో గానీ గుంటూరులో గానీ రేస్ ట్రాక్ లేదు. ట్రాక్ డే (సొంత కారుతో రేస్ ట్రాక్ మీద తిరిగే రోజు) అంటే ఇక్కడివాళ్ళ చూపు ముందుగా చెన్నై వైపే పోతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ఆ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. దాని మీద నాలుగు రౌండ్లు కొట్టడానికి మనం పోవాల్సింది ఐదు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. కాబట్టి కారు ఏదైనా, ఏడాదిలో ట్రాక్ ఎక్కేది వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని రోజులే. మిగతా కాలమంతా షెడ్డులోనే. నా తీర్పు ఆ షెడ్డు నుంచే మొదలవుతుంది: పానా పట్టుకోవడం సరదా అయినవాడికి కిట్ కారు, కానివాడికి కళ్ళు మూసుకుని జెన్.

కిట్ కారంటే ఇక్కడ నేను చెప్పేది లోటస్ సెవెన్ తరహాది. కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన బండి అది. తలుపులు లేవు, పైకప్పు లేదు, ఇద్దరికి మాత్రమే చోటు. 1973 నుంచి ఇంగ్లండులో కేటర్‌హామ్ కంపెనీ దాన్ని చేస్తోంది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే వీలు కూడా ఉంది. దిగుమతి సుంకాలు తలుచుకుంటే ఆ ఆశ వదులుకోవాల్సిందే గనక, మనవాళ్ళు అదే పద్ధతిలో ఇనుప ట్యూబులతో ఛాసిస్ కట్టించి, మారుతి ఇంజన్ పెట్టుకుంటారు. రెండోది 2006 దాకా వచ్చిన పాత జెన్: 993 సీసీ, కార్బ్యురేటర్ మోడల్‌కి 50 హార్స్‌పవర్, తర్వాతి ఇంజెక్షన్ మోడల్‌కి 60, బరువు 760 కిలోల చిల్లర.

కిట్ కారుకి కావలసిన సరుకంతా ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఇంజన్ కోసం జిప్సీని చూడండి. 1300 సీసీ, పదహారు వాల్వులు, ఇంజెక్షన్ మోడల్‌కి 80 హార్స్‌పవర్. అంతకన్నా ముఖ్యం, ఆ ఇంజన్ కారు పొడవునా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ వెనక చక్రాలకు శక్తినివ్వడానికే పుట్టింది. ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టె విడిగా ఉంటుంది గనక దాన్ని తీసేసి, వెనక చక్రాలకు శక్తి మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్తగా చేయించుకోవచ్చు. షాఫ్ట్ కట్ చేసి బ్యాలెన్స్ చేయడం లారీలతో పుట్టి పెరిగిన ఆటోనగర్‌కి రోజువారీ పని. జిప్సీ వెనక యాక్సిల్ మాత్రం వద్దు, బరువు. ఓమ్నీదో ఈకోదో చూసుకోవాలి.

అసలు పరీక్ష వెల్డింగ్ దగ్గర. తేలిక ఛాసిస్ ఎక్కడ పగులుతుందంటే సస్పెన్షన్ ఆర్మ్ పట్టుకునే బ్రాకెట్ అంచున, వెల్డింగ్ గీత ఆగిపోయిన చోట. వెంట్రుకంత సన్నని గీత, దాని చుట్టూ కాస్త తుప్పు మరక. నేను చూపించుకునే మేస్త్రి గారి సలహా ఒకటుంది: "బాబూ, ఛాసిస్‌కి తెల్లరంగు కొట్టించండి. నలుపు వేస్తే పగులు నాక్కూడా కనపడదు." మడ్‌గార్డు మీద ఏ రంగైనా వేసుకోండి గానీ ట్యూబుల విషయంలో ఆయన మాటే వినండి. ప్రతి ట్రాక్ డే తర్వాతా కారు కింద దూరి, ఒక్కో జాయింటూ గుడ్డతో తుడిచి చూడాలి. నట్లు బిగించాక నట్టు మీంచి బోల్టు మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తారు. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. జెన్‌కి ఈ తంటా చాలావరకు లేదు. కంపెనీ బాడీ, కంపెనీ వెల్డింగ్. వీల్ నట్లు, బాల్ జాయింట్లు, ఇంజన్ మౌంటింగులు చూసుకుంటే దాదాపు సరిపోతుంది.

బ్రేకుల దగ్గర లెక్క తిరగబడుతుంది. బ్రేకు కొడితే పుట్టే వేడి బరువును బట్టి ఉంటుంది. 550 కిలోల కిట్ కారు, 760 కిలోల జెన్, రెండింటిలోనూ 75 కిలోల మనిషి. ఒకే వేగం నుంచి ఆపితే జెన్ బ్రేకులు మూడో వంతు ఎక్కువ వేడి మింగాలి. పైగా జెన్‌కి నడిపేవీ ముందు చక్రాలే, తిరిగేవీ ముందు చక్రాలే, బ్రేకు బరువు పడేదీ వాటి మీదే. ముందు టైర్లు భుజాలు అరిగి వస్తాయి, వెనకవి కొత్త పెళ్ళికొడుకుల్లా మెరుస్తుంటాయి. కిట్ కారులో నాలుగూ పని పంచుకుంటాయి. ప్యాడ్లు, టైర్ల ఖర్చు దానికే తక్కువ.

బ్రేక్ ఆయిల్ మాత్రం రెండింటికీ ఒకటే గొడవ. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగుతుంది. బెజవాడ ఉక్కపోతలో మూత తీసిన డబ్బా దాచుకుని మళ్ళీ వాడటం పొదుపు అనిపించుకోదు. మరిగితే పెడల్ నేల దాకా పోతుంది, అదీ సరిగ్గా మలుపు ముందు. సెషన్ అయ్యాక ఒక రౌండు నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లార్చాలి. ఆగాక హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్లో పెట్టి, చక్రం కింద చెక్క పెట్టాలి.

టైర్ల గాలి చిన్న విషయమే గానీ చెప్పాలి. సెవెన్ తరహా కారుకి 18, 20 పాయింట్లు చాలు. బంకులో కుర్రాడు అలవాటుగా 30 కొట్టేస్తాడు, కారు బంతిలా ఎగురుతుంది. గేజీ మన దగ్గరే ఉండాలి.

కిట్ కారు ఓడిపోయేది రోడ్డు మీద. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలు మారేలా మార్పులు చేయడాన్నే ఒప్పుకోదు, ఇక ఇంట్లో కట్టిన కారుకి నంబరు ప్లేటు మాట మర్చిపోండి. లారీలో వేసుకుని పోవాలి. చిన్న ట్రాలీ ఆటోల్లో పట్టదు, 14 అడుగుల ఐషర్ కావాలి. నేలకి అంగుళాల్లో ఉండే కారు గనక ర్యాంపు అంచున పొట్ట తగులుతుంది. పొడవాటి చెక్కలు వేసి మెల్లగా తోయాలి. ఇంకా టెన్షన్ ఏంటంటే, ట్రయల్ వేసుకోవడానికి చోటు లేదు. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల ఆవరణలు సీజన్ లేనప్పుడు ఖాళీగా ఉంటాయి, యజమాని తెలిసినవాడైతే అడగొచ్చు. గేర్లు పడుతున్నాయా, ఆయిల్ కారుతోందా అన్నంత వరకు అక్కడ తేలుతుంది. నేలకు తగలకుండా ఇంజన్ కింది ఆయిల్ తొట్టిని (సంప్‌ని) కోసి పొట్టి చేయించారనుకోండి, లోపల అడ్డ రేకులు పెట్టించారా లేదా అన్నది మాత్రం ట్రాక్ మీద పొడవాటి మలుపులోనే తెలుస్తుంది. ఆయిల్ అంతా ఒక పక్కకు పోయి ప్రెషర్ లైటు మిణుకుమంటే వెంటనే కాలు తీసేయాలి.

జెన్ అయితే తెల్లవారుజామున ఇంట్లో ఎక్కి, ఒంగోలులో టిఫిన్ చేసి, నెల్లూరు మీదుగా చెన్నై చేరుకోవచ్చు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. వెనక సీటు, కార్పెట్లు పీకేయండి, ఏసీ జోలికి మాత్రం పోకండి. తగ్గే ఆ కాసిని కిలోల లాభం మధ్యాహ్నం మూడింటికి నాయుడుపేట దాటుతుంటే గుర్తు కూడా ఉండదు. ఇన్సూరెన్స్ మీద ధీమా పెట్టుకోవద్దు. మామూలు పాలసీలో రేసింగ్‌కీ వేగ పరీక్షలకీ కవరేజీ ఉండదు.

సరదా సంగతి? సెవెన్ తరహా కారులో 80 హార్స్‌పవర్ అంటే కిలో లెక్కన జెన్‌కి సుమారు రెండింతలు. స్టీరింగ్ వేలంత తిప్పితే ముక్కు తిరుగుతుంది. గేర్‌బాక్స్ వేడికి పాదాలు మాడతాయి, రోహిణి కార్తెలో ఆ ముచ్చటే వద్దు. జెన్ నేర్పుతుంది, కిట్ కారు కవ్విస్తుంది. ఇంతవరకు ట్రాక్ చూడనివాడు జెన్‌తో మొదలుపెట్టాలన్నది అందుకే. చెన్నై కాకుండా మరో ట్రాక్ కావాలంటే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మారుతి 800 ఇంజన్‌తో ఒక్కరే కూర్చునే రేసు కార్లు కట్టిన కరివర్ధన్ పేరు మీద వెలిసిన ట్రాక్ అది.

నా ఓటు కిట్ కారుకే, షెడ్డూ, తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ ఉంటే. ఆ రెండిట్లో ఏది లేకపోయినా జెన్ చూసుకోండి. బేరానికి పోయినప్పుడు ఇంజన్ శబ్దం కంటే ముందు డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తి చూడండి, తర్వాత బానెట్ తెరిచి ముందు స్ట్రట్ల (షాక్ అబ్జార్బర్ల) పైభాగం. అక్కడ తుప్పు పొరలు లేస్తుంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు.