పెద్ద బటన్ల ఫోన్: పల్లెలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఏ మేరకు పనికొస్తుంది?

డబ్బా మీద ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌నే పెద్దగా చూపిస్తారు. కానీ ఈ రకం ఫోన్ రోజూ చేతిలో ఉంటుందా, మూలన పడుతుందా అన్నది తేల్చేవి రింగు, ఛార్జింగ్ స్టాండ్.

వయసుతో వచ్చే చెవుడులో సన్నని కీచు శబ్దాలే ముందు వినపడకుండా పోతాయి. అందుకే వాల్యూమ్ ఎంత పెంచినా కీచు ట్యూన్ పక్కగదికి అందదు. బొంగురు మోత ఉన్న ట్యూన్ ఎంచి, వైబ్రేషన్ కూడా పెట్టాలి. చెవి మిషన్ వాడేవాళ్లయితే ఫోన్ వివరాల్లో ఎం3/టీ3, ఎం4/టీ4 లాంటి రేటింగ్ చూడండి. అంకె పెద్దదైతే గరగర తక్కువ. ‘టీ’ అనేది మిషన్‌లోని టెలికాయిల్‌కు (ఫోన్ శబ్దాన్ని అయస్కాంత సంకేతంగా అందుకునే చిన్న తీగచుట్టకు) సంబంధించింది.

వణికే చేతులతో సన్నని పిన్నును రంధ్రంలో గుచ్చడం నరకం. స్టాండ్‌లో నిలబెడితే ఛార్జ్ ఎక్కే మోడల్ తప్ప వేరేది కొనొద్దు. స్టాండ్ పిన్నుల మీద దుమ్ము పేరుకుంటే ఛార్జింగ్ ఆగిపోతుంది; ప్లగ్ తీసి పొడిబట్టతో తుడిస్తే సరి. పక్కనుండే టార్చ్ స్విచ్ జేబులో జరిగిపోయి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవడం మామూలే.

ఇక ఎర్ర బటన్. చాలా మోడళ్లలో కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే ముందే పెట్టిన నంబర్లకు వరసగా కాల్ వెళ్తుంది. మొదటి నంబరులో వాయిస్‌మెయిల్ (మనిషి ఎత్తకపోతే సందేశం రికార్డు చేసుకునే సేవ) ఎత్తితే మనిషే ఎత్తాడనుకుని కొన్ని ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి. ఆ నంబర్లలో వాయిస్‌మెయిల్ తీసేయించండి. మొదటి నంబరు దూరాన ఉన్న పిల్లలది కాకుండా, పది నిమిషాల్లో రాగల పొరుగువాళ్లది కావాలి. పొరపాటున ఒకటి రెండుసార్లు నొక్కుకుపోతే పెద్దవాళ్లు మొహమాటపడి బటన్ ఆపేయమంటారు. నొక్కే సమయం పెంచే సెట్టింగ్ ఉంటే వాడండి. స్నానాలగది నుంచి, పెరటి నుంచి కూడా నొక్కి చూడాలి. సిగ్నల్ లేనిచోట అది ఉత్త ప్లాస్టిక్కే.

చాలా దేశాల్లో 2జీ, 3జీ మూసేస్తున్నారు. డబ్బా మీద ‘4జీ’ ఉంటే చాలదు, వోల్టీ (VoLTE, అంటే 4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) అని కూడా ఉండాలి. లేకపోతే ఇంటర్నెట్ పని చేస్తూనే కాల్స్ ఆగిపోవచ్చు.

ప్రపంచంలో పెద్దవయసువాళ్లలో ముగ్గురికి ఒకరి దాకా నలుగురితో సంబంధాలు లేక ఒంటరిగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ వెలితిని ఈ ఫోన్ దానంతటది పూడ్చదు. మోగించే మనిషి ఉండాలి. రోజూ కాకపోయినా వారంలో రెండు రోజులు, ఒకే వేళకు కాల్ చేస్తే, ఆ వేళ కోసమైనా ఫోన్ ఛార్జ్‌లో, చేతికందే చోట ఉంటుంది. అప్పుడప్పుడు, వాళ్లకు చెప్పి, కాల్ జాబితా చూడండి. వాళ్లు చేసే కాల్స్ తగ్గిపోతే అలిగారనుకోకముందు చెవి పరీక్ష చేయించండి.

ఇప్పటికే స్మార్ట్‌ఫోన్‌లో మనవల ముఖాలు చూసి మాట్లాడేవాళ్లకు మాత్రం దీన్ని అంటగట్టకండి. ఉన్న వీడియో కాల్ పోగొట్టి ఎర్ర బటన్ ఇవ్వడం నష్టపు బేరం.