శుక్లం ఆపరేషన్‌కు సర్జన్: పేరు చూడాలా, లెక్క చూడాలా?

కంటి శుక్లం తీయించుకోవలసిన వారి ముందు సాధారణంగా రెండు దారులుంటాయి: నలుగురూ హస్తవాసి మంచిదని చెప్పుకునే సర్జన్ దగ్గరకు వెళ్లడం ఒకటి, తన ఆపరేషన్ల ఫలితాలను లెక్క కట్టి, అడిగినవారికి చూపించే సర్జన్‌ను వెతుక్కోవడం మరొకటి.

పేరును తీసిపారేయనక్కరలేదు, అది ఊరికే రాదు. అయితే వేలకు వేలు చేశానన్న మాట ఎన్ని చేశారో చెబుతుంది గాని, అవి ఎలా ముగిశాయో చెప్పదు. రోగుల మెప్పు కూడా ఎక్కువగా పలకరింపు మీద, కట్టు విప్పగానే కనిపించిన వెలుగు మీద ఆధారపడుతుంది. లోపల ఏం జరిగిందో వారికి తెలిసే వీలు తక్కువ.

లోపల జరిగేదానిలో సర్జన్ నైపుణ్యాన్ని బాగా పట్టిచ్చేది కటకం వెనుక పొర చిరగడం. అది చిరిగితే కంటి లోపలి జిగురు పదార్థం ముందుకు రావచ్చు, కొత్త లెన్సును అనుకున్నచోట అమర్చడం కష్టం కావచ్చు, రెటీనా ఊడే ముప్పు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతాయి. బ్రిటన్‌లో 2006–2010 మధ్య జరిగిన సుమారు 1,80,000 ఆపరేషన్ల సమాచారంలో ఈ చిరుగు 1.95 శాతం కనిపించింది.

అలాగని అంకె కనబడగానే నమ్మడమూ పొరపాటే. నూరు ఆపరేషన్లలో ఒక్క చిరుగూ లేదన్నంత మాత్రాన ఆ సర్జన్ అసలు రేటు సున్నా అని తేలదు. గణితం ప్రకారం అది 3 శాతం దాకా ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. పైగా ముదిరిన శుక్లాలు, విప్పారని కనుపాపలు, ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ అనే మందు వాడేవారి కళ్లు ఎక్కువగా చేపట్టే సర్జన్ లెక్క, తేలిక కేసులే ఎంచుకునే సర్జన్ లెక్క కన్నా చూపులకు వెలవెలబోతుంది. రోగుల కష్టాన్ని బట్టి సవరించని అంకెలను బయట పెడితే, కఠినమైన కళ్లను వదిలించుకోవాలన్న ఆశ సర్జన్లకు కలగడం సహజం.

ఇంత చూశాక కూడా నా మొగ్గు లెక్క వైపే. వెయ్యి కళ్లలో పన్నెండు చిరిగాయని, వాటిలో ఎనిమిది ముందే కష్టమని తెలిసిన కళ్లని చెప్పగలిగే సర్జన్ నాకు నూటికి నూరు అనే సర్జన్ కన్నా మేలు. ఆ లెక్కతో పాటు, ఆపరేషన్ తరువాత అనుకున్న పవర్‌కు అర డయాప్టర్ (కళ్లద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) లోపు వచ్చినవారు ఎందరో, నా కంటిలాంటి కళ్లలో ఫలితమెలా ఉందో అడుగుతాను. పేరున్న సర్జన్ ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, తరువాతి సందర్శనకు లెక్క తీసి చూపిస్తే, ఆయన దగ్గరే చేయించుకుంటాను.