తావోనా, కన్ఫ్యూషియసా? ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏది మేలు?

ప్రాచీన చైనా ఆలోచనల్లో తావో మార్గం మేలా, కన్ఫ్యూషియస్ మార్గం మేలా అని తరచూ అడుగుతుంటారు. తావోది ప్రకృతి, కన్ఫ్యూషియస్‌ది పద్ధతి అన్న పోలిక అందరికీ తెలిసిందే. నేను చూసేది ఒక్కటే: ఇంట్లో మనిషి పోయిన రోజున ఎవరి మాట ఆసరా అవుతుంది?

తావో వైపు, ఆ మార్గపు తత్వవేత్త చువాంగ్ జు కథ ఉంది. భార్య పోయిందని తెలిసి స్నేహితుడు హుయ్ జు పరామర్శకు వెళ్లాడు. చువాంగ్ జు కాళ్లు బార్లా చాపుకుని, మట్టి గిన్నె మీద దరువేస్తూ పాడుతున్నాడు. ‘నీతో కాపురం చేసి, పిల్లల్ని పెంచిన మనిషి. ఏడవకపోతే ఏడవకపోయావు, ఈ పాటలేంటి?’ అని హుయ్ జు నిలదీశాడు. ‘మొదట నాకూ దుఃఖం వచ్చింది. కానీ పుట్టకముందు ఆమెకు ప్రాణమూ లేదు, రూపమూ లేదు. రుతువులు మారినట్టే ఇదీ ఒక మార్పు’ అన్నాడాయన.

ఎంత గొప్ప మాటో! అయితే, ఆ దుఃఖానికీ ఈ పాటకీ మధ్య కాలం ఎలా గడిచిందో కథలో లేదు. నాకు కావలసింది ఆ మధ్య కాలమే.

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) దాని గురించే మాట్లాడాడు. తల్లిదండ్రుల కోసం మూడేళ్ల సంతాపం ఎందుకు, ఏడాది చాలదా అని శిష్యుడు జై వో అడిగాడు. వరి అన్నం, పట్టుబట్ట సంతాపంలో మానేసే సుఖాలు. ‘అప్పుడే వరి అన్నం తిని, పట్టుబట్ట కడితే నీ మనసుకు బాగుంటుందా?’ అన్నాడు కన్ఫ్యూషియస్. ‘బాగుంటుంది.’ ‘అయితే అలాగే చెయ్యి.’ అతను వెళ్లాక మాత్రం, బిడ్డ మూడేళ్లకి గానీ అమ్మానాన్నల ఒడి దిగడు కదా అన్నాడు.

మా నాన్న పోయినప్పుడు ఆత్మకు చావు లేదన్న ఓదార్పు నాకు ఎక్కలేదు. పురోహితుడు చేతిలో నువ్వులు పోసి, నీళ్లు వదలమన్నప్పుడు మాత్రం వేళ్ల వణుకు తగ్గింది.

ప్రాచీన చైనాలోనే మరో ఆలోచనాపరుడు మోజీ అంటారా, మూడు అంగుళాల మందం పెట్టె చాలు, పూడ్చి పనిలోకి వెళ్లమన్నాడు.

కన్ఫ్యూషియస్ దారిలో లోపం లేదనను. మూడేళ్లన్నది తర్వాత 27 నెలల లెక్కగా, అధికారులు పదవి వదిలి ఇంటికెళ్లాల్సిన రూలుగా మారింది. 1577లో చైనా మింగ్ వంశపు ఆస్థానంలో పెద్ద మంత్రి జాంగ్ జుజెంగ్ తండ్రి పోయినా పదవిలోనే ఉండిపోయాడు. తప్పుపట్టిన అధికారులను దర్బారులో కర్రలతో కొట్టించారు. శోకం రాజకీయమైపోయింది.

అయినా నా మొగ్గు కన్ఫ్యూషియస్ వైపే. ప్రియశిష్యుడు యాన్ హుయ్ పోయినప్పుడు, ‘మీరు హద్దు దాటి ఏడుస్తున్నారు’ అన్నారు పక్కనున్నవాళ్లు. ‘అవునా? ఇతని కోసం కాకపోతే ఇంకెవరి కోసం?’ అన్నాడు, జీవితమంతా హద్దుల గురించే చెప్పిన ఆ మనిషి.