ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే: సీలేరు రోడ్డులో పదకొండేళ్లు, నాలుగు ఫోన్లు

ఫోన్ రివ్యూలు రాసేవాళ్లంతా కెమెరాతో మొదలుపెడతారు. నాకు ఆ భాగ్యం లేదు. నేను ఫోన్ చేతిలోకి తీసుకోగానే చూసేది కుడివైపు మూలన ఎన్ని గీతలున్నాయో. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి నుంచి సీలేరు పోయే దారిలో, ధారకొండకు ఇవతల ఒక ఆశ్రమ పాఠశాలలో 2014 నుంచి పనిచేస్తున్నాను. ఈ పదకొండేళ్లలో నాలుగు ఫోన్లు, మూడు కంపెనీల సిమ్‌లు మార్చాను. వాయిదాల మీద ఒకసారి కొని నాలుక కరుచుకున్నాను. కొండ ప్రాంతాలకు పోస్టింగ్ వచ్చిన టీచర్లు, నర్సులు, గ్రామ సచివాలయాల్లో పనిచేసే కుర్రాళ్లు కొనేముందు ఇది చదివితే నా డబ్బు పోయినందుకు కొంతైనా ఫలితం ఉంటుంది.

వచ్చిన కొత్తలో నా దగ్గర ఉన్నది బటన్ల ఫోన్, అందులో బీఎస్ఎన్ఎల్ సిమ్. ఆర్‌వీ నగర్ దాటి సప్పర్ల వైపు ఎక్కగానే గీతలు ఒక్కొక్కటే రాలిపోయేవి. స్కూలు వెనక గట్టు మీద ఒక బండరాయి ఉంది. ఊరంతా దాన్ని సిగ్నల్ బండ అనేవారు. సాయంత్రం అయిదు దాటితే అక్కడ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ఏఎన్ఎం గారు, పోస్టుమాస్టరు, నేను, కొత్తగా పెళ్లయిన ఇద్దరు కుర్రాళ్లు. ఒకరి సంసారం కబుర్లు ఇంకొకరికి తెలియనివి లేవు. నేను చేరిన అక్టోబరులోనే హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ బండ కూడా ఉత్త బండే అయింది.

రోమింగ్ అంటే ఏమిటో నాకు నేర్పింది సీలేరు. నది అవతల ఒడిశా. మన రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికం లెక్కల్లో ఈనాటికీ ఒకటే సర్కిల్, అంటే ఒకటే ప్రాంతం. అది దాటితేనే రోమింగ్. భద్రాచలంలో ఉన్నా పాడేరులో ఉన్నా తేడా లేదు. కానీ సీలేరు గట్టు మీద నిలబడితే ఫోన్‌కు సరిహద్దు రాళ్లు కనిపించవు కదా, ఏ టవర్ గట్టిగా పిలిస్తే దాని దగ్గరికి పోతుంది. అవతలి టవర్ పట్టుకుందంటే మనం ఒడిశాలో ఉన్నట్టే. అప్పట్లో రోమింగ్‌లో వచ్చిన కాల్ ఎత్తినా నిమిషానికి 75 పైసల దాకా తీసుకోవచ్చు. ఒక ఆదివారం అమ్మ 40 నిమిషాలు మాట్లాడింది. మేనకోడలి సంబంధం కబుర్లు, కట్ చేయడానికి నోరు రాలేదు. నేను ఇవతలి గట్టు మీదే, ఆంధ్రాలోనే ఉన్నాను. 30 రూపాయలు హుళక్కి. 2015 మేలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ రేటును 45 పైసలకు దించింది. ఆ ఏడాది జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. 2017కల్లా దేశం లోపల రోమింగ్ ఛార్జీల గొడవే దాదాపు పోయింది. కానీ ఆ 30 రూపాయల భయం నా వేళ్లలో ఉండిపోయింది. ఏ ఫోన్ కొన్నా మొదట చేసే పని సెట్టింగ్స్‌లోకి వెళ్లి డేటా రోమింగ్ ఆపేయడం. ఈ అలవాటు తర్వాత నన్ను ఎలా దెబ్బకొట్టిందో చెబుతాను.

రెండో ఫోన్ 2017లో కొన్న చవక 4జీ ఫోన్. దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నర్సీపట్నంలో బ్రహ్మాండంగా ఉండేది, ఇక్కడ టార్చిలైటుగా పనికొచ్చింది. ఆ రోజుల్లోనే మా హాస్టల్ వంటమ్మ జియోఫోన్ తీసుకుంది. 1,500 డిపాజిట్ కట్టి మూడేళ్లు వాడి తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్న పథకం అది. ఆలోచిస్తే మన పల్లెల్లో లక్షల మంది చేతికి వచ్చిన మొదటి అద్దె ఫోన్ అదేనేమో. పేరుకు డిపాజిట్, లెక్కకు అద్దె. అందులో ఆ కంపెనీ సిమ్ తప్ప ఇంకొకటి పనిచేయదు. మా ఊళ్లో అప్పటికి వాళ్ల టవర్ లేదు కాబట్టి, నర్సీపట్నంలో ఉండే కూతురికి ఇచ్చేసింది. అక్కడ చక్కగా నడిచింది. అప్పుడే నాకు లైటు వెలగాల్సింది: ఫోన్‌ను ఒక కంపెనీకి ముడివేస్తే, ఆ కంపెనీ టవర్ ఉన్నంత మేరే మన బతుకు. వెలగలేదు.

మూడో ఫోన్ 2021లో వాయిదాల మీద తీసుకున్నాను. కరోనా, ఆన్‌లైన్ పాఠాలు, చేతిలో రొక్కం లేదు. ఫోన్ ధర 12,500. ముందు 2,500 కట్టి, నెలకు 1,150 చొప్పున పది నెలలు, ఫైలు ఖర్చు అని ఇంకో 600. మొత్తం 14,600. అంటే 2,100 ఎక్కువ. సున్నా వడ్డీ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఆ 2,100 ఏ పద్దు కిందికి వస్తుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. సరే, ఆపాటి తేడా భరించొచ్చు. అసలు సంగతి వేరే.

నాతో పాటే మా నైట్ వాచ్‌మన్ కూడా ఇంకో షాపులో, ఇంకో ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్నాడు. ఇలాంటి అప్పుల్లో ఫోన్‌లో ఒక తాళం యాప్ వేసి ఇచ్చేవాళ్లున్నారు. వాయిదా తప్పితే ఫోన్ మూసుకుపోతుంది. ఇతని జీతం ఆ నెల వారం ఆలస్యమైంది, ఖాతాలో డబ్బు లేదు, వాయిదా వెనక్కి పోయింది. ఒక పొద్దున్న వచ్చి, "మాష్టారూ, ఫోన్‌కి తాళం పడిపోనాది" అన్నాడు. సాయంత్రానికి డబ్బు సర్ది కట్టించాం. కట్టినా తాళం తీయలేదు. ఎందుకంటే తాళం తీయమన్న కబురు ఫోన్‌కు ఇంటర్నెట్‌లోనే రావాలి. ఇక్కడ ఇంటర్నెట్ ఏది? తాళం వేసుకునే గడువు మాత్రం ముందే ఫోన్ లోపల పెట్టి ఉన్నట్టుంది. మూసుకోవడానికి సిగ్నల్ అక్కర్లేదు, తెరుచుకోవడానికి కావాలి. అతను బస్సెక్కి చింతపల్లి వెళ్లి, బస్టాండులో నిలబడి ఫోన్ పైకెత్తి తాళం తీయించుకుని వచ్చాడు. రానూపోనూ ఛార్జీ, ఒక రోజు కూలి పోయాయి. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఇలాంటి ఫోన్ తీసుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. పట్నంలో ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు లెక్క చూసుకుని తీసుకోవచ్చు.

నా మూడో ఫోన్ తప్పు ఇంకోటి. దీనికి కొంచెం సాంకేతికం చెప్పాలి. సిగ్నల్ గాలిలో రకరకాల ఫ్రీక్వెన్సీల మీద నడుస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, చెట్లను, గోడలను కాస్త దాటుకుంటుంది. ఎక్కువది వేగం ఇస్తుంది గానీ కొండ మలుపు తిరిగితే చచ్చిపోతుంది. బీఎస్ఎన్ఎల్ తన 4జీకి వాడుతున్న వాటిలో 700 మెగాహెర్ట్జ్ ఒకటి. ఫోన్ల భాషలో దాని పేరు బ్యాండ్ 28. మన్యానికి సరిపోయే సరుకు అదే. కానీ మన మార్కెట్లో అమ్మిన చాలా చవక ఫోన్లలో బ్యాండ్ 28 లేదు. అన్ని ఫోన్లూ 4జీ అని అట్ట మీద రాస్తారు, ఏ బ్యాండ్లో రాయరు. ఊరికి దగ్గర్లో బీఎస్ఎన్ఎల్ కొత్త టవర్ లేచింది, వాచ్‌మన్ ఫోన్‌లో 4జీ వస్తోంది, వాయిదాలన్నీ నిక్కచ్చిగా కట్టిన నా ఫోన్‌లో పాత 2జీ గీత. రెండు నెలలు సిమ్‌నే తిట్టుకున్నాను. సిమ్ కూడా మార్పించాను. చివరికి హైదరాబాద్‌లో ఉండే నా పాత విద్యార్థి ఒకడు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వివరాలు చూసి, "సార్, మీ ఫోన్‌కి ఆ చెవి లేదు" అన్నాడు.

ఇక టవర్ల సంగతి. ఒకప్పుడు మావోయిస్టులు సెల్ టవర్లు తగలబెట్టిన ప్రాంతం ఇది. ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది? పెట్టినా రాబడి రాదు. అందుకే ప్రభుత్వ నిధితోనే చాలావరకు వచ్చాయి. టెలికం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాలి. దాన్ని ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. 2021 నవంబరులో కేంద్రం ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల వెనుకబడ్డ జిల్లాల్లో 7,287 ఊళ్లకు 4జీ ఇవ్వాలని 6,466 కోట్లకు ఆమోదం ఇచ్చింది. 2022 జూలైలో దేశమంతటా మరో 24,680 ఊళ్ల కోసం 26,316 కోట్ల పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో 100 జియో టవర్లు ఒకేరోజు ప్రారంభమైతే ఎక్కువ మా అల్లూరి సీతారామరాజు జిల్లాకే వచ్చాయి. సిగ్నల్ బండ మీద గడ్డి మొలవడం ఆ తర్వాతే.

అయినా చిక్కు తీరలేదు. ఒక గట్టు మీద ఒక కంపెనీ టవర్, తర్వాతి లోయలో ఇంకో కంపెనీది. బండి మీద పోతుంటే ఫోన్ మీద వచ్చే మాట: ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే. చాలామంది దీన్ని సిగ్నల్ లేదని అనుకుంటారు. కాదు. టవర్ ఉంది, నీది కాదు అని దానర్థం. 112 కొడితే ఎవరి టవరైనా పట్టుకుంటుంది, ఇంటికి ఫోన్ చేస్తానంటే ఒప్పుకోదు. ప్రజల నిధితో కట్టిన టవర్ కింద నిలబడి ఇది చదువుకోవడం ఎంత కడుపుమంటో పడినవాళ్లకే తెలుసు.

2025 జనవరి 17న దీనికో దారి తెరిచారు. డిజిటల్ భారత్ నిధితో కట్టిన టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఒకరివి ఒకరు వాడుకునే ఏర్పాటు. ఒకే సర్కిల్ లోపల రోమింగ్ అన్నమాట. సుమారు 27,836 టవర్లు, 35,400 ఊళ్లు అని ప్రకటించారు. పేపర్లో చదివి సంబరపడి, ఫోన్ పట్టుకుని లోయలోకి వెళ్లాను. ఏమీ లేదు. నెల తర్వాత మళ్లీ వెళ్లాను. నా వెనక కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లాడు వాళ్ల నాన్న ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. అదే కంపెనీ సిమ్, అదే లోయ. నా ఫోన్ లాక్కుని రెండు సార్లు నొక్కి ఇచ్చాడు. డేటా రోమింగ్ ఆన్ చేశాడు, అంతే. అమ్మ 30 రూపాయల కాల్ పదేళ్ల తర్వాత కూడా నా చేత స్విచ్చి ఆపించి ఉంచింది.

కాబట్టి చెబుతున్నాను: మన్యంలో ఉంటే డేటా రోమింగ్ ఆన్ చేసి ఉంచండి, నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో పెట్టండి. దేశంలో ఉన్నంతవరకు బిల్లు భయం లేదు. ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని అనుకోవద్దు. కంపెనీ సొంత డబ్బుతో కట్టుకున్న టవర్‌కు ఈ ఏర్పాటు వర్తించదు. నాకు సప్పర్ల నుంచి స్కూలు దాకా రెండు చోట్ల దొరుకుతోంది, మూడు చోట్ల ఇంకా ఎమర్జెన్సీ బోర్డే. వానాకాలంలో కరెంటు పోయి రెండు రోజులైతే టవర్ బ్యాటరీలు పడుకుంటాయి. అప్పుడు పంచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

నాలుగో ఫోన్ 2025 ఫిబ్రవరిలో రొక్కం పెట్టి కొన్నాను, 13,800. షాపులో రంగు అడగలేదు, కెమెరా అడగలేదు. బ్యాండ్ 28 ఉందా, రెండు సిమ్‌లలోనూ ఒకేసారి 4జీ నడుస్తుందా, ఇంతే అడిగాను. కుర్రాడికి తెలియదు, వెబ్‌సైట్ తెరిపించి నేనే చూసుకున్నాను. ఒక సిమ్ బీఎస్ఎన్ఎల్, ఒకటి ప్రైవేటు. బ్యాటరీ కూడా పాతదానికి రెట్టింపు వస్తోంది. టవర్ కోసం రోజంతా వెతుక్కునే ఫోన్ దానికోసమే సగం ఛార్జింగ్ తినేస్తుందని ఇప్పుడు తెలిసింది. మిగిలిన బాధ రెండు రీఛార్జుల ఖర్చు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక అది చిన్న ఖర్చు కాదు. పైగా చాలా ప్లాన్లలో నెల అంటే 28 రోజులే, ఏడాదికి పదమూడు నెలలు. జీతం మాత్రం పన్నెండుసార్లే వస్తోంది.

మా వాచ్‌మన్ వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి, ఆ ఫోన్ తెర పగిలింది. ఈసారి చీటీ కట్టి దాచిన డబ్బుతో రొక్కానికే కొంటానని శనివారం నర్సీపట్నం బయల్దేరాడు. ఏం అడగాలో రాసివ్వమంటే కాగితం మీద 28 అని పెద్దగా రాసిచ్చాను. జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. షాపువాడు అది చూసి 28 రోజుల రీఛార్జి వేసి పంపించేస్తాడేమోనని నాకు పొద్దుట్నుంచీ ఒకటే దిగులు.